అవశేషం, శిథిలం, ఆనవాలు: ఏ మాట ఎక్కడ వాడాలి? అసలు ‘అవశేషం’ ఎక్కడిది?

మీరు అడిగింది ఇదీ. ఉదయగిరి దగ్గర మీ ఊరి చరిత్ర రాస్తున్నారు. చదివే ఇంగ్లీషు పుస్తకాల్లో ‘వెస్టిజ్’ అనే మాట మాటిమాటికీ తగులుతోంది. నిఘంటువు తీస్తే ‘అవశేషం’ అని ఉంది. దాన్ని పట్టుకుని ‘మా ఊరి బయట పాత కోట అవశేషాల శిథిలాల ఆనవాళ్లు నేటికీ కనిపిస్తాయి’ అని రాస్తే మీ అన్నయ్య చదివి నవ్వాడు. ఆయన ఎందుకు నవ్వాడు, ఆ మాటకు అసలు అర్థం ఏమిటి, అది ఎక్కడిది, ఎక్కడ వాడాలి, దానికి తెలుగుకు సొంత మాట లేదా అన్నది మీ ప్రశ్న.

ముందు జవాబు చెప్పేస్తాను. అవశేషం అంటే ఒక వస్తువులో పోయింది పోగా మిగిలిన భాగం. శిథిలం అంటే పట్టు సడలి కూలిపోయిన స్థితి. ఆనవాలు, జాడ అంటే ఆ వస్తువు లేకపోయినా ఒకప్పుడు అది అక్కడ ఉండేదని చెప్పే గుర్తు. మీ వాక్యంలో ఈ మూడూ ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. మీ అన్నయ్య నవ్వింది అందుకే. ఇక ‘వెస్టిజ్’కు పది చోట్ల ఆరేడు చోట్ల ‘ఆనవాలు’ సరిపోతుంది, మిగతా చోట్ల ‘అవశేషం’.

నేను ముప్పయ్యొక్క ఏళ్లు కందుకూరు, కావలి మధ్య హైస్కూళ్లలో తెలుగు చెప్పాను. రిటైరయ్యాక ఊళ్ల చరిత్రలు, స్థలపురాణాలు, శతజయంతి సంచికలు రాసేవాళ్లు ప్రూఫుల కట్ట తెచ్చి ఇంటి అరుగు మీద పెట్టి పోతున్నారు. వాటిలో నేను ఎర్ర సిరాతో ఎక్కువసార్లు కొట్టేసే మాట ఇదే. కాబట్టి కొంచెం పొడుగ్గానే చెబుతాను, ఓపిక పట్టండి.

ముందు పుట్టుక. ఇది సంస్కృతం నుంచి వచ్చిన మాట. ధాతువు ‘శిష్’. ధాతుపాఠంలో, అంటే సంస్కృత ధాతువుల పట్టికలో, దీనికి ఒకచోట ఇచ్చిన అర్థం నాకు చాలా ఇష్టం: ‘శిష అసర్వోపయోగే’. అసర్వోపయోగం, అంటే అంతా వాడేయకపోవడం. కుండలో నీళ్లు ముంచుకుని అడుగున నాలుగు చెంబులు వదిలేశారనుకోండి, ఆ వదలడమే ఈ ధాతువు. దాని మీద ‘శేషం’ వచ్చింది. ముందు ‘అవ’ అనే ఉపసర్గ చేరితే ‘కిందికి, అడుక్కి’ అనే ఛాయ వస్తుంది. అడుగున మిగిలింది అవశేషం.

ఇదే ధాతువు మన ఇంట్లో ఎన్ని వేషాలు వేస్తుందో చూడండి. భాగహారంలో భాగించగా చివర మిగిలేది శేషం. వారపత్రికలో సీరియల్ చివర ‘సశేషం’ అని ఉండేది, ఇంకా మిగులుంది అని. ‘అశేష జనవాహిని’ అంటే ఇంట్లో ఎవరూ మిగలకుండా అందరూ వచ్చారని అతిశయోక్తి. గుడిలో స్వామికి కట్టిన బట్ట తెచ్చి మనకు కప్పితే శేషవస్త్రం. ప్రళయంలో అన్నీ పోయాక మిగిలేవాడు కాబట్టి ఆదిశేషుడికి ఆ పేరని పెద్దలు చెబుతారు. ‘ఏంటి విశేషాలు’ అని రోజూ పలకరించుకునే విశేషం కూడా ఈ కుటుంబమే: మిగతావాటి నుంచి విడదీసి చూపేది. ఎంగిలికి సంస్కృతంలో ఉచ్ఛిష్టం అంటారు, అదీ ఇదే ధాతువు. (శిష్యుడు మాత్రం వీళ్ల చుట్టం కాదు, అది ‘శాస్’ అనే వేరే ధాతువు. క్లాసులో ‘గురువు దగ్గర మిగిలిపోయినవాడు శిష్యుడా సార్’ అని ఒక గడుగ్గాయి అడిగాడు. తప్పే, కానీ మార్కులు వేయాలనిపించింది.)

‘కీర్తిశేషులు’ గురించి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. మనిషి పోయి కీర్తి ఒక్కటే మిగిలినవారు అని దాని అర్థం. ఒక స్కూలు వార్షికోత్సవానికి ఆహ్వాన పత్రిక వేయించాం. రెండు గదులు కట్టించిన దాత పేరు, ఆయన తండ్రి పేరు పక్కపక్కన ఉన్నాయి. డీటీపీ కుర్రాడు ‘కీ.శే.’ అంటే ‘శ్రీ’ లాంటి గౌరవవాచకం అనుకుని ఇద్దరికీ తగిలించాడు. ప్రూఫు చూసి సంతకం పెట్టింది నేనే. మూడొందల కార్డులు పంచేశాక ఆ పెద్దాయనే కార్డు పట్టుకుని వచ్చాడు. “అయ్యవారూ, నా కీర్తి తప్ప ఏం మిగల్లేదని అచ్చేశారే, మరి రేపు ఆ శాలువా ఎవరికి కప్పుతారు?” అన్నాడు. ఆయన మంచివాడు కాబట్టి బతికిపోయాను. ఆ రోజు నుంచి ‘శేషం’ కనిపిస్తే చాలు, దేని శేషం అని ఒకసారి ఆగి చూసుకోవడం అలవాటైంది.

మీకు చెప్పే అసలు సూత్రం కూడా అదే. ‘అవశేషం’ రాయగానే ‘దేనిది?’ అని అడగండి. జవాబు చెప్పలేకపోతే ఆ మాట తీసేయండి. కోట అవశేషం అంటే కోటలోదే అయిన ఒక ముక్క కంటి ముందు ఉండాలి: ఒక బురుజు, పది బారల గోడ, ద్వారబంధపు రాయి. ఉత్త ‘అవశేషాలు కనిపిస్తాయి’ అంటే ఏం కనిపించాయో చదివేవాడికి తెలియదు. చాలాసార్లు రాసేవాడికీ తెలియదు.

ఉదయగిరి మీకు దగ్గరే కాబట్టి అదే తీసుకుందాం. 1514లో కృష్ణదేవరాయలు గజపతుల నుంచి పట్టుకున్న దుర్గం అది. కొండ మీద ఇంకా నిలబడి ఉన్న గోడలు, బురుజుల ముక్కలు కోట అవశేషాలు. కప్పు కూలి, రాళ్లు జారి, చెట్లు మొలిచిన కట్టడాన్ని శిథిలమైంది అంటాం. ‘శిథిల’ అంటే సంస్కృతంలో వదులైన, సడలిన అని. అందుకే దాన్ని కట్టడాలకే కాదు, నరాలకూ ఆరోగ్యానికీ కూడా వాడతారు. మరి ఆనవాలు? రాయలు ఉదయగిరి నుంచి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపికి తీసుకెళ్లి 1515లో గుడి కట్టించాడు. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. హంపిలో ఆ గర్భగుడి ఖాళీ. ఆ ఖాళీ పీఠం ముందు నిలబడితే మనకు దొరికేది ఆనవాలు: స్వామి లేడు, ఉండేవాడని మాత్రం తెలుస్తుంది.

ఇంగ్లీషు మాట కూడా నిజానికి ఇక్కడికే వస్తుంది. వెస్టిజ్ ఫ్రెంచి మీదుగా వచ్చింది కానీ మూలం లాటిన్. లాటిన్‌లో ‘వెస్టీజియం’ అంటే అడుగుజాడ, నేల మీద పడిన పాదం గుర్తు. ఇన్వెస్టిగేషన్ కూడా దాని బిడ్డే, అడుగుజాడలు పట్టుకుని వెతుక్కుంటూ పోవడం. కాబట్టి పుట్టుక చూస్తే వెస్టిజ్‌కు దగ్గరి చుట్టం మన ‘జాడ’, ‘అవశేషం’ కాదు. బురదలో ఎద్దు గిట్ట పడితే ఆ గుంట ఎద్దులో భాగం కాదు కదా. అవశేషం వస్తువులోని ముక్క, జాడ వస్తువు వదిలిన గుర్తు. ‘పల్లవుల పాలన తాలూకు వెస్టిజెస్’ అని ఉంటే ‘పల్లవ పాలన అవశేషాలు’ అనకండి. పాలన ముక్కలై మిగలదు. ‘పల్లవుల ఏలుబడి ఆనవాళ్లు’ అంటే చక్కగా ఉంటుంది.

ఒక్క జీవశాస్త్రంలో మాత్రం ‘అవశేషావయవాలు’ అనే మాట స్థిరపడిపోయింది. ఉండుకం (అపెండిక్స్), వెన్ను చివర తోక ఎముక, కొందరు చెవులు కదిలించగలిగే ఆ కండరాలు. పూర్వం పెద్దగా పనిచేసి, ఇప్పుడు తగ్గిపోయి మిగిలినవి కాబట్టి అవశేషం అనడం తప్పు కాదు. దాన్ని కదపకండి.

ఇక తెలుగుకు సొంత మాట లేదా అన్నారు. లేకేం. ‘మిగులు’ ఉంది. అయితే దాని మనసు వేరు. సంస్కృతపు శేషం ‘వాడకుండా వదిలింది’. తెలుగు మిగులు ‘కొలతకు మించింది’. పాత ఉత్తరాల్లో ‘మిగుల సంతోషించితిమి’ అని రాసేవారు, అంటే చాలా అని. మిక్కిలి కూడా దాని తోబుట్టువే. తమిళులు ‘మిగు’ అంటే ఎక్కువ, ‘మిచ్చం’ అంటే మిగిలింది అంటారు. ఎక్కువ కావడం, మిగలడం మనవాళ్లకు ఒకటే మాట. అందుకే ప్రభుత్వం ‘మిగులు భూమి’ అంటే 1973 సీలింగ్ చట్టం ప్రకారం పరిమితికి మించిన భూమి, పారేసిన భూమి కాదు. ‘మిగులు బడ్జెట్’ అన్నా అంతే. కోట గోడను ‘మిగులు’ అనలేం, ఎందుకంటే అది ఎక్కువై మిగిలింది కాదు, పోగా మిగిలింది. ‘మిగిలిన గోడ’ అనండి, ఎవరూ తప్పు పట్టరు. నిజం చెప్పాలంటే మీ పుస్తకంలో సగం చోట్ల ‘అవశేషం’ తీసి ‘మిగిలింది’ అని పెడితే వాక్యం తేలిగ్గా ఊపిరి పీల్చుకుంటుంది.

మిగలడానికి మన ఇళ్లలో, పొలాల్లో ఉన్నన్ని మాటలు నిఘంటువులో వెతుక్కోనక్కర్లేదు. మా అమ్మ రాత్రి మిగిలిన అన్నంలో నీళ్లు పోసి ఉట్టి మీద పెడితే అది చద్ది. అదే అన్నం కంచంలో మిగిలితే ఎంగిలి. రెండూ మిగిలిన అన్నమే, కానీ పొరపాటున ఒకదాన్ని ఇంకోటి అన్నామా, వీపు విమానం మోతే. కోత కోశాక మడిలో నిలబడి కాళ్లకు గుచ్చుకునేవి కొయ్యకాళ్లు. రాలిన కంకులు ఏరుకుంటే పరిగె. కొట్టిన తుమ్మచెట్టు మొదలు మోడు. వ్యవసాయశాఖ కరపత్రం ఇవన్నీ పక్కన పెట్టి ‘పంట అవశేషాలను కాల్చరాదు’ అంటుంది. తప్పు కాదు, వాళ్లకు అన్ని పంటలకూ కలిపి ఒక మాట కావాలి. మీకు అవసరం లేదు. మీ ఊరి వరి మడిలో కొయ్యకాళ్లే ఉంటాయి.

అయితే ‘అవశేషం’ పుస్తకాల మాటే అని తీసిపారేయకండి. విడవలూరు, ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటలు వేసినవాళ్లను అడగండి. యూరప్‌కు వెళ్లిన సరుకులో క్లోరాంఫెనికాల్ లాంటి యాంటీబయాటిక్ అవశేషాలు బయటపడితే కంటైనర్ వెనక్కి వస్తుంది. వాళ్లు నోటితో ‘రెసిడ్యూ’ అంటారు, పేపర్లో ‘అవశేషాలు’ అని చదువుతారు, రెండింటికీ ఒకే టెన్షన్. ఇక్కడ ఆ మాట అచ్చంగా ధాతువు అర్థంలోనే ఉంది: శరీరం పూర్తిగా ఖర్చు చేయకుండా అడుగున మిగిల్చింది.

ఇంకో తమాషా. ‘బాకీ’ అంటామే, అది అరబ్బీ మాట, ‘మిగిలింది’ అని అర్థం. అంటే కిరాణా కొట్టు పద్దులో మీ పేరు ఎదురుగా ఉన్నది కూడా ఒక అవశేషమే. అప్పు, అగ్గి, పగ శేషం ఉంచకూడదని సంస్కృతంలో ఒక శ్లోకం ఉంది: ‘ఋణశేషం అగ్నిశేషం శత్రుశేషం’ అని మొదలవుతుంది. ఉంచితే మళ్లీ మళ్లీ పెరుగుతాయట.

శేషం ఉంచకపోవడం అంటే గుర్తొచ్చింది. అద్దంకిలో దొరికిన పండరంగని శాసనం తొమ్మిదో శతాబ్దం నాటిది, తరువోజ అనే ఛందస్సులో పద్యం ఉన్న తొలి తెలుగు శాసనం. అందులో పండరంగడనే ఆ సేనాని కట్టెపు దుర్గాన్ని ‘కడు బయల్ సేసి’ అని ఉంటుంది. కోటను బయలు చేశాడు, అంటే ఉత్త మైదానం చేశాడు. సంస్కృతంలో అయితే ‘నిశ్శేషం చేశాడు’ అని రాసేవారు. బయలు చేయడం ఎంత కండ ఉన్న మాటో చూడండి. అదే పద్యం చివర మా కందుకూరును బెజవాడ అంత చేశాడని ఉంది, అది చదివినప్పుడల్లా మాకు కాస్త ఛాతీ పొంగుతుంది. కోట బయలైపోయింది, ఆ సంగతి చెక్కిన రాయి మిగిలింది.

మీ ఊరి చరిత్రకు పనికొచ్చే మాట ఇంకోటి ఉంది, మీరు అడగలేదు కానీ చెబుతాను. పాటి. పాడుపడిన పాత ఊరి నేలను పాటి అంటారు, దిబ్బగా ఉంటే పాటిదిబ్బ. ‘నోరు’ నుంచి ‘నోటి’ వచ్చినట్టు ‘పాడు’ నుంచి ‘పాటి’. హైదరాబాదులో పాటిగడ్డ అనే పేట కూడా ఉంది. నా చిన్నప్పుడు వేసవిలో మా నాన్న పాటిదిబ్బ నుంచి బండికి మన్ను తోలేవాడు, చేలో ఎరువుగా చల్లడానికి. ఆ మన్ను మామూలు మట్టిలా ఉండదు. బూడిదరంగులో, పిండిలా మెత్తగా ఉంటుంది, పట్టుకుంటే వేళ్ల సందుల్లోంచి జారిపోతుంది. పార వేస్తే ఠంగుమని పెంకు తగిలేది. బయట ఎర్రగా, లోపల నల్లగా, అంచు నున్నగా ఉండే పెంకులు. తొలకరి వాన వెలిసిన పొద్దున పిల్లలం దిబ్బ మీదికి పరిగెత్తేవాళ్లం, రాత్రి వానకు మన్ను కొట్టుకుపోయి చిన్న చిన్న పూసలు బయటపడేవి. వాటిని దారానికి గుచ్చి మా చెల్లెలు మెళ్లో వేసుకుంది. ఆ పెంకులను ఇంగ్లీషులో ఏమంటారో, అవి ఎన్నేళ్లనాటివో పెద్దయ్యాక తెలిసింది. ఇళ్లు కట్టే మట్టికని ఆ దిబ్బను ప్రొక్లెయినర్‌తో తవ్వేశారు. ఇప్పుడక్కడ దిబ్బ లేదు, ‘పాటి చేను’ అనే పేరు మిగిలింది. అదిగో, దాన్ని ఆనవాలు అనాలి. పెంకులు అవశేషాలు.

అయితే ఒక జాగ్రత్త. సంతనూతలపాడు, మద్దిపాడు, నాగులుప్పలపాడు లాంటి పేర్లు చూసి ‘ఇవన్నీ పాడుబడ్డ ఊళ్లు’ అని రాసేయకండి. ఊరి పేరు చివర వచ్చే ఆ ‘పాడు’కు అర్థం ‘ఊరు’ అనే. ఆ లెక్కన ఒంగోలు చుట్టూ మనుషులే ఉండకూడదు.

బౌద్ధ స్థలాల గురించి రాస్తే ఇంకో మాట గుర్తుంచుకోండి. గుండ్లకమ్మ ఒడ్డున చందవరంలో స్తూపం బయటపడింది కదా. అలాంటి స్తూపాల్లో భద్రపరిచే బుద్ధుడి అస్థికలను, భస్మాన్ని ‘ధాతువులు’ అంటారు. ‘బుద్ధుడి అవశేషాలు’ అంటే అర్థమవుతుంది కానీ పూజించే వస్తువుకు ఆ మాట పొడిగా ఉంటుంది. ఇంట్లో పెద్దవాళ్లు పోతే మనం అస్థికలు పెన్నలో కలిపామంటాం, అవశేషాలు కలిపామనం. పోలీసు రిపోర్టులో రాసుకోవచ్చు. విమానం కూలితే శకలాలు, రాయిగా మారిన చేప శిలాజం. ఇవి మీకు తెలిసినవే.

స్పెల్లింగ్ ఒక్క మాట: ముందు శ, తర్వాత ష. అవశేషం. ‘అవషేశం’, ‘అవశేశం’ రెండూ తప్పు. ‘మిగిలిన అవశేషాలు’ అని కూడా రాయకండి, మిగలని అవశేషం ఉండదు.

మీ వాక్యం దగ్గరికి వస్తాను. ఏం కనిపిస్తుందో మీరు చెప్పలేదు కాబట్టి మూడు రకాలుగా రాస్తున్నాను. గోడ ఉంటే: ‘ఊరి బయట పాత కోట గోడ ముప్పై గజాల దాకా మిగిలి ఉంది.’ రాళ్ల కుప్పే ఉంటే: ‘ఊరి బయట కోట శిథిలాలు ఉన్నాయి.’ ఏమీ లేక పేరు మాత్రమే ఉంటే: ‘కోట ఇప్పుడు లేదు, ఆ చేలను మాత్రం కోటచేలు అంటారు.’ ఆ ముప్పై గజాలు, కోటచేలు నేను ఊహించి పెట్టినవి, మీరు కొలిచి, అడిగి రాయండి. చూశారా, మూడింటిలో ఎక్కడా ‘అవశేషం’ అవసరం పడలేదు. పుస్తకం మొత్తానికి ఒక అధ్యాయం పేరుగా ఉంచుకోండి, బాగుంటుంది.

ఇంకో పని చేయండి. మీ ఊళ్లో గొర్రెలు తోలే పెద్దాయన ఎవరైనా ఉంటే ఆయనతో కలిసి ఒక పొద్దున ఆ కోట వైపు నడవండి. ఏ రాయిని ఏమంటారో, ఏ దిబ్బకు ఏ పేరో అడిగి, ఆయన అన్నది అన్నట్టు రాసుకోండి. ఆ పేర్లు పంపితే నేను చూసి చెబుతాను.